రాగిరేకుల్లో రాజధాని: రాజమహేంద్రవరంలో చూడదగిన చోట్లు, వాటి వెనక ఆధారాలు

రాజమండ్రికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఊరు చూద్దామనుకుంటే ముందుగా కోట గురించే అడుగుతారు. రాజరాజ నరేంద్రుడు ఏలిన ఊరు కదా, ఆయన కోట ఎక్కడుందని అడుగుతారు. ఆటో అతను కోటగుమ్మం సెంటర్లో దింపుతాడు. అక్కడ కోట పేరు ఉంది గానీ, పదకొండో శతాబ్దానిదని వేలుపెట్టి చూపగల బురుజు గానీ గోడ గానీ కంటికి ఆనదు. వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, గోదావరి గట్టుకు వెళ్ళి, వంతెనలు చూసి, రేవులో మునిగి వెళ్ళిపోతారు. రాజధాని చూశామన్న తృప్తి మాత్రం వాళ్ళకు దక్కదు.

ఆ అసంతృప్తిలోంచే ఈ వ్యాసం పుట్టింది. తూర్పు చాళుక్యుల రాజధానిగా పేరున్న ఈ ఊళ్ళోనూ, దాని దిగువన పరుచుకున్న డెల్టాలోనూ ఆ రాజధానికి చెందినవి ఇవాళ ఏవి చూడగలం? ఒక్కోదాని వెనక ఉన్న ఆధారం ఎంత గట్టిది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఇక్కడి పని.

ఆధారాలకు నాలుగు మెట్లు

సాక్ష్యాలన్నిటినీ ఒకే తక్కెడలో వేస్తే చరిత్ర, కథ కలిసిపోతాయి. అందుకని ఈ పరిశీలనలో వాటిని నాలుగు మెట్లుగా విడదీశాను. ఆ కాలంలోనే వేయించిన శాసనం, ఆ కాలంలోనే కట్టిన కట్టడం మొదటి మెట్టు. ఆ కాలంలోనే రాసిన కావ్యం రెండోది. తరవాతి తరాలవాళ్ళు పూర్వుల గురించి వేయించిన శాసనం మూడోది. తరవాతి కాలపు కావ్యాలు, ఊరి కథలు, చోటు పేర్లు నాలుగోది. నాలుగో మెట్టు మీద ఉన్నంత మాత్రాన ఒక మాట అబద్ధమైపోదు. దాన్ని పదకొండో శతాబ్దానికి సాక్షిగా నిలబెట్టలేం, అంతే. అది పుట్టిన కాలానికి మాత్రం అదే మంచి సాక్షి.

పేరు ఎవరిది?

తూర్పు చాళుక్యుల తొలి రాజధాని వేంగి. అదే ఇవాళ ఏలూరు దగ్గరి పెదవేగి. కుబ్జవిష్ణువర్ధనుడితో ఏడో శతాబ్దంలో మొదలైన ఈ వంశం కాలక్రమంలో గోదావరి గట్టుకు చేరింది. ఎవరి కాలంలో చేరిందన్నది చరిత్రకారుల మధ్య తెగని చర్చ. ‘రాజమహేంద్ర’ అన్న బిరుదు మొదటి అమ్మరాజు (922–929)కూ ఉంది, రెండో అమ్మరాజు (945–970)కూ ఉంది. ఊరికి ఆ బిరుదు మీదే పేరు వచ్చిందని చాలామంది ఒప్పుకుంటారు. ఇద్దరిలో ఎవరి బిరుదు మీద వచ్చిందన్న దగ్గరే అభిప్రాయాలు వేరవుతాయి. ఊళ్ళో మాత్రం పట్టణం కట్టింది రాజరాజ నరేంద్రుడేనన్న నమ్మకం గట్టిది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రాజుకు బిరుదు ఉందన్నది రాజు గురించిన ఆధారం. ఆ రాజే ఊరు కట్టించాడనడానికి అది ఒక్కటే చాలదు. గట్టిగా చెప్పగలిగింది ఇది: రాజరాజ నరేంద్రుడి కాలానికి రాజమహేంద్రపురం రాజు కొలువున్న చోటు. ఆ మాట చెప్పినవాడు ఆ కొలువులోనే ఉన్న నన్నయ. మహాభారతం అవతారికలో ఆయన ఈ ఊరిని వేంగి దేశమనే హారానికి నడిమి మణిగా వర్ణించాడు. కావ్యం కనుక ఇది రెండో మెట్టు సాక్ష్యం. పొగడ్తలో అతిశయం ఉండొచ్చు గానీ, రాజు ఉన్న ఊరి పేరును కవి రాజు ముందే తప్పు చెప్పడు. 2015లో ప్రభుత్వం ఊరి పేరును రాజమహేంద్రవరంగా మార్చింది. అది మళ్ళీ ఆ పాత బిరుదు దగ్గరికే వచ్చిన పేరు.

రెండు రాగిశాసనాలు

రాజధానిని ముట్టుకుని చూడగల సాక్ష్యం ఏదైనా ఉందంటే అది రాగిరేకుల మీద ఉంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరుమిల్లి పేరుతో ప్రసిద్ధమైన శాసనం రాజరాజు వంశావళి చెప్పి, ఆయన పట్టాభిషేకం శక సంవత్సరం 944లో, అంటే క్రీ.శ. 1022లో జరిగిందని తేదీతో సహా నమోదు చేసింది. తూర్పు చాళుక్య చరిత్రలో పాలకుల లెక్కలు సరిచూసుకోవడానికి ఈ ఒక్క తేదీ ఎంతగా పనికొచ్చిందో చెప్పలేం.

రెండోది నందంపూడి శాసనం. కోనసీమలో అంబాజీపేట దగ్గరి ఈ ఊరిని రాజరాజ నరేంద్రుడు తన 32వ పాలనా సంవత్సరంలో, 1053లో, నారాయణభట్టు అనే పండితుడికి దానమిచ్చాడు. నారాయణభట్టు సంస్కృతం, కన్నడం, ప్రాకృతం, పైశాచి, తెలుగు అయిదింటిలోనూ కవి అని శాసనం పొగుడుతుంది. ఆ శాసనం రచించినవాడు నన్నయభట్టు. ఊరు ఉన్న సీమను ‘రెండేరుల నడిమి’ విషయమని పిలిచింది. రెండు పాయల మధ్య నేల, అంటే ఇవాళ మనం కోనసీమ అంటున్నదే.

ఈ శాసనం విలువ ఒక సరిపోలికలో ఉంది. భారత రచనలో తనకు నారాయణభట్టు తోడయ్యాడని నన్నయ తన కావ్యంలో చెప్పుకున్నాడు. అర్జునుడికి కృష్ణుడు తోడైనట్టు తోడయ్యాడన్నాడు. కావ్యంలోని ఇద్దరు స్నేహితులూ రాగిరేకు మీద కూడా కనిపిస్తున్నారు, ఒకరు రచయితగా, మరొకరు దానం పుచ్చుకున్నవాడిగా. మొదటి మెట్టు సాక్ష్యమూ రెండో మెట్టు సాక్ష్యమూ ఒకదాన్నొకటి ఇలా నిలబెట్టడం అరుదు. తెలుగులో మనకు దక్కిన తొలి మహాకావ్యం ఫలానా కాలంలో, ఫలానా రాజు నీడలో, ఫలానా మనుషుల చేతుల్లో రూపుకట్టిందని మనం నిబ్బరంగా చెప్పగలుగుతున్నామంటే దానికి ఈ రేకులే కారణం. రాజమండ్రికి వచ్చే యాత్రికుడికి వీటి సంగతి చెప్పేవాళ్ళు లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మేడలెందుకు నిలవలేదు?

కోట కనపడకపోవడాన్ని చూసి ఇది గొప్ప రాజధాని కాదేమో అనుకోవడం తొందరపాటు. అదే కాలంలో తూర్పు సముద్రానికి అవతల వెలిగిన రాజధానులను పక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది.

బర్మాలోని పగాన్‌లో అనవ్రహ్త రాజు 1044 నుంచి 1077 వరకు ఏలాడు. రాజరాజ నరేంద్రుడికి దాదాపు సమకాలికుడు. పగాన్ మైదానంలో ఇప్పటికీ రెండు వేలకు పైగా ఇటుక గుళ్ళు, స్తూపాలు ఉన్నాయి. రాజభవనం చెక్కది, పోయింది. కంబోడియాలోని అంగ్కోర్‌లోనూ అంతే. దేవుడికి రాయి, మనిషికి కొయ్య. రాజు అయినా మనిషే కనుక ఆయన మేడ కూడా కొయ్యదే. రాతి గుళ్ళు నిలిచాయి, రాజుల ఇళ్ళు మట్టిలో కలిశాయి. గోదావరి తీరానా ఇదే జరిగి ఉండవచ్చుననడానికి అవకాశం ఉంది. డెల్టా నేల ఒండ్రుమట్టి, అందులో రాయి దొరకదు. రాయి కావాలంటే రాజమండ్రి, ధవళేశ్వరం వైపు మెరక నేలలకు పోవాల్సిందే. ఏటేటా వరద వచ్చే చోట మట్టిగోడ, కొయ్యదూలం వెయ్యేళ్ళు నిలుస్తాయని ఎవరూ ఆశించరు.

మన ప్రశ్నకు ఇంకా దగ్గరగా వచ్చే ఊరు సుమత్రా దీవిలోని పాలెంబాంగ్. శ్రీవిజయ సామ్రాజ్యపు రాజధాని అది. పగాన్‌లో లాగా అక్కడ గుళ్ళ వరుసలు లేవు. 1913లో డచ్చి పండితుడు కెర్న్ ఒక శాసనం చదువుతూ ‘శ్రీవిజయ’ అన్నది ఒక రాజు పేరనుకున్నాడు. 1918లో ఫ్రెంచి పండితుడు జార్జ్ సెడెస్ శాసనాలను, చైనా రాతలను జోడించి చూసి, అది రాజు పేరు కాదని, ఒక రాజ్యం పేరని తేల్చాడు. 1920లో పాలెంబాంగ్ దగ్గర దొరికిన కెడుకాన్ బుకిత్ శాసనం మీద తేదీ శక సంవత్సరం 605, అంటే 683. కట్టడాలు లేని ఒక పెద్ద రాజధానిని చరిత్ర పుస్తకాల్లోకి తిరిగి తెచ్చినవి ఇలాంటి చెక్కిన అక్షరాలే. కోరుమిల్లి రేకులు లెక్కపెట్టిన శకమే ఆ సుమత్రా రాయీ లెక్కపెట్టడం గమనించదగ్గది.

ఈ రెండు రాజధానుల మధ్య ఒక కుటుంబ సూత్రం కూడా ఉంది. రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. ఆమె సోదరుడు రాజేంద్ర చోళుడు రాజరాజ నరేంద్రుడికి మేనమామ. ఆయన కూతురు అమ్మంగదేవిని పెళ్ళాడడంతో మామగారు కూడా అయ్యాడు. 1025 ప్రాంతంలో ఓడల మీద వెళ్ళి శ్రీవిజయను కొట్టినవాడు ఆ రాజేంద్రుడే. రాజరాజ నరేంద్రుడి కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. కడారం (శ్రీవిజయ) రాజు కోరిక మీద నాగపట్నంలోని బౌద్ధ విహారానికి సంబంధించి కులోత్తుంగుడు 1090లో ఇచ్చిన శాసనం తరవాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు చేరింది. ఇంత చుట్టరికం ఉంది కదా అని రాజమండ్రి నుంచి శ్రీవిజయకు ఓడలు నడిచాయని చెప్పేస్తే అది ఆధారం లేని దూకుడు అవుతుంది. రాజమహేంద్రపురంలో కూర్చున్న రాజు తూర్పు సముద్రపు రాజకీయాలకు అపరిచితుడు కాడన్నంత వరకే ఈ సాక్ష్యాలు మనల్ని తీసుకెళతాయి.

ఆ కాలపు అశాంతినీ లెక్కలోకి తీసుకోవాలి. తంజావూరు చోళులకూ కల్యాణి చాళుక్యులకూ మధ్య వేంగి ఒక పందెం. రాజరాజ నరేంద్రుడు వేయించిన కలిదిండి శాసనం కన్నడ సైన్యంతో జరిగిన పోరులో చనిపోయిన ముగ్గురు చోళ సేనానుల గురించి, వాళ్ళ పేర కట్టించిన శివాలయాల గురించి చెబుతుంది. ఇలా చేతులు మారే ప్రమాదంలో ఉన్న సీమలో రాజులు శాశ్వతంగా నిలపాలనుకున్నవి గుళ్ళు, దానాలు. వాళ్ళ ఆశ ఫలించిందనే చెప్పాలి.

డెల్టాలో నిలిచిన రాళ్ళు

కనుక చాళుక్యుల రాజధానిని చూడాలనుకునేవాడు ఊరు దాటి డెల్టాలోకి నడవాలి. రాజమండ్రి నుంచి సామర్లకోట పోయే రైలు దారిలోనే బిక్కవోలు వస్తుంది. తూర్పు చాళుక్యుల శిల్పాన్ని ఒకచోట చూడాలంటే ఇంతకన్నా మంచి ఊరు లేదు. గోలింగేశ్వర, రాజరాజేశ్వర, చంద్రశేఖర ఆలయాలు ఊళ్ళో ఉన్నాయి. ఇవి తొమ్మిదో శతాబ్దం, దాని తరవాతి కాలాలవని శిల్పశైలిని బట్టి పండితుల అంచనా. ఊరి పేరు గుణగ విజయాదిత్యుడి (848–892) ‘బిరుదాంక’ అన్న బిరుదులోంచి వచ్చిందంటారు. పేరు సంగతి నాలుగో మెట్టు. గుడి గోడలు మాత్రం మొదటి మెట్టు. రెంటినీ ఒకే ఊపులో చెప్పేయకుండా విడివిడిగా చెబితే చూసేవాడికి మేలు.

సామర్లకోటలోని భీమేశ్వరాలయం చాళుక్య భీముడు (892–922) కట్టించినదని ప్రసిద్ధి. దీనికి గట్టి లిఖిత ఆధారం పిఠాపురంలో 1202లో వేసిన స్తంభ శాసనం. భీముడు 360 యుద్ధాలు చేసి, తన పేర చాళుక్య భీమవరంలో శివాలయం కట్టించాడని అది చెబుతుంది. యుద్ధాల లెక్క పొగడ్త కావచ్చు. శాసనం వేసిన రోజుకు భీముడు పోయి మూడు శతాబ్దాలవుతోంది. కనుక ఇది మూడో మెట్టు. అయినా ఆ వంశంవాళ్ళే గుర్తుపెట్టుకుని రాయించిన మాట కావడం దీని బలాన్ని పెంచుతుంది. లోపలికి వెళితే రెండంతస్తుల గర్భగుడి కనిపిస్తుంది. తెల్లని రాతి లింగం కింది అంతస్తు నుంచి పైకప్పును చీల్చుకుని పై అంతస్తులోకి వస్తుంది. కింద పాదాలకు, పైన శిరస్సుకు అర్చన జరుగుతుంది.

రామచంద్రపురం దగ్గరి ద్రాక్షారామంలోనూ ఇదే పద్ధతి. పంచారామాల్లో ఒకటిగా భక్తులు వచ్చే ఈ గుడిని చరిత్ర విద్యార్థి గ్రంథాలయంగా చూడాలి. గోడల మీదా స్తంభాల మీదా దాదాపు నాలుగు వందల శాసనాలున్నాయి. ఎక్కువ భాగం చిన్న చిన్న దానాలు. అఖండదీపం వెలగడానికి ఇన్ని గొర్రెలు, ఇంత భూమి అన్నట్టు ఉంటాయి. రాజులతో పాటు అధికారులు, వర్తకులు, ఆడవాళ్ళు దాతలుగా కనిపిస్తారు. మేడ చూస్తే రాజు ఒక్కడే కనిపిస్తాడు. ఈ గోడల మీద రాజ్యంలోని జనం కనిపిస్తారు. తెలుగు అక్షరం ఎలా గుండ్రబడుతూ వచ్చిందో వేలితో చూపిస్తూ పిల్లలకు నేర్పగల చోటు డెల్టాలో ఇదే.

పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు రాసిన భీమేశ్వర పురాణం ఈ సీమకు దాదాపు ఒక యాత్రా గ్రంథం. కాశి విడిచిన వ్యాసుడిని ద్రాక్షారామానికి నడిపించే కథ అది. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నయామాత్యుడికి అంకితమైంది. చాళుక్యుల గురించి దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. రెడ్డిరాజుల కాలంలో ఈ గుళ్ళను జనం ఎలా చూశారో తెలుసుకోవడానికి మాత్రం అది మేలైన సాక్షి.

సారంగధర మెట్ట: కథను కథగా చూడడం

రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది. సవతితల్లి చిత్రాంగి నిందకు బలై, తండ్రి రాజరాజ నరేంద్రుడి ఆజ్ఞతో కాళ్ళూ చేతులూ నరికించుకున్న రాకుమారుడి కథ దానికి అంటుకుని ఉంది. ఊళ్ళో ఈ కథ తెలియని ఇల్లుండదు. నాటకాలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. గురజాడ 1883లో దీన్ని ఇంగ్లీషు పద్యకావ్యంగా రాశాడు.

శాసనాల్లో కనిపించే రాజరాజ నరేంద్రుడి కుటుంబం వేరు. రాణి అమ్మంగదేవి, కొడుకు కులోత్తుంగుడిగా మారిన రాజేంద్రుడు. సారంగధరుడి కథకు పాత తెలుగు రూపాల్లో ఒకటి గౌరన రాసిన నవనాథ చరిత్రలో ఉంది. అది పదిహేనో శతాబ్దపు రచన. అందులో కథ మాళవ దేశంలో జరుగుతుంది. చేతులూ కాళ్ళూ పోయిన రాకుమారుడు సిద్ధుడై చౌరంగి అనిపించుకుంటాడు. నాథ సంప్రదాయం పాకిన చోట్లన్నిటా ఇలాంటి కథ ఉంది. పంజాబులో పూరన్ భగత్ కథ దీనికి దగ్గరి చుట్టం. పదిహేడో శతాబ్దంలో తంజావూరు నాయకుల కొలువు కవి చేమకూర వేంకటకవి సారంగధర చరిత్ర రాసేనాటికి కథ రాజమహేంద్రవరానికి చేరింది.

ఈ క్రమాన్ని చూస్తే, నాథ సిద్ధుల కథ ఒకటి తిరుగుతూ వచ్చి, ‘నరేంద్ర’ ‘రాజమహేంద్ర’ అన్న పేర్ల పోలిక దొరికిన చోట స్థిరపడిందని అనుకోవడం సబబు. ఇది ఊహ, నిరూపణ కాదు. కానీ చాళుక్య రాజు కొడుకును హింసించాడని చెప్పడానికి ఉన్న ఆధారం కన్నా దీనికున్న ఆధారం బలమైనది. మెట్టను యాత్రికుడికి చూపించడం మానేయమని నేనను. ఊరు నాలుగైదు వందల ఏళ్ళుగా గుండెలో పెట్టుకున్న కథ అది. ఇది కథ పుట్టిన తీరు, ఇది రాజు చరిత్ర అని రెండూ పక్కపక్కన చెప్పి చూపించాలన్నదే నా మనవి. కొడుకు కాళ్ళు నరికించిన రాజుగా ఒక మనిషిని తరతరాలు చెప్పుకోవడం, అతను భారతం రాయించిన రాజు కూడా అయినప్పుడు, సాక్ష్యం లేకుండా చేయకూడని పని.

1324, 1423

ఊళ్ళో తేదీతో సహా నిలిచిన పాత కట్టడం ప్రధాన రహదారి మీది మసీదు. గుమ్మం మీది పారశీక శాసనం హిజ్రీ 724 రంజాన్ 20న, అంటే 1324 సెప్టెంబరులో, సాలార్ ఉల్వీ దాన్ని కట్టించాడని చెబుతుంది. కాకతీయుల ఓరుగల్లు పతనమైన మరుసటి ఏడాది ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ సైన్యం గోదావరి దాకా వచ్చిందనడానికి ఇది మొదటి మెట్టు సాక్ష్యం. ఆ చోట అంతకు ముందు గుడి ఉండేదన్న మాట కూడా చాలాకాలంగా ఉంది. దాన్ని తేల్చవలసింది కట్టడపు రాళ్ళను చదవగల నిపుణుల పరిశీలన. శాసనం మీద లేని మాటను శాసనం చేత పలికించకూడదు.

ఆ దశాబ్దాన్నే ఓడిన వైపు నుంచి చెప్పే రాగిరేకులు ఒక కోనసీమ ఊరి పేరుతో ఉన్నాయి. ప్రోలయ నాయకుడి విలస శాసనం కాకతీయుల తరవాతి కష్టకాలాన్ని వర్ణిస్తుంది. వందేళ్ళకు, 1423లో, రాజమహేంద్రవరం రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ప్రోలయ, కాపయ నాయకుల సంగతిని వెనక్కి తిరిగి చూసి చెబుతుంది. ఒకే కాలానికి గెలిచినవాడి రాయి ఉంది, ఓడినవాడి రేకు ఉంది, మనవల తరపు జ్ఞాపకం ఉంది. మూడూ చదివిన తరవాతే మాట్లాడడం చరిత్ర పట్ల మనకున్న మర్యాద.

నీళ్ళ రాజధాని, అక్షరాల రాజధాని

ఇవాళ ఊళ్ళో కంటికి ఎదురుగా నిలిచే చారిత్రక కట్టడాల్లో చాలా భాగం పందొమ్మిదో శతాబ్దం తరవాతివే. ధవళేశ్వరంలో కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు భాగాలుగా కట్టారు. 1832–33 నాటి కరువును కళ్ళారా చూసిన సీమను వరిచేలుగా మార్చింది ఆ పనే. కాటన్ పక్కన నిలిచి పని నడిపించిన తెలుగువాడు వీణెం వీరన్న పేరును కూడా అక్కడ తలుచుకోవాలి. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ 1982లో పూర్తయింది. కాటన్ మ్యూజియం ఆ పక్కనే ఉంది.

హేవలాక్ వంతెనను 1897 నవంబరులో మొదలుపెట్టి 1900 ఆగస్టులో రైళ్ళకు తెరిచారు. 56 స్పాన్ల ఆ వంతెన 1997లో విశ్రమించింది. రోడ్డు కమ్ రైలు వంతెన 1974 నాటిది. ఈ వంతెనల గురించి అనుమానానికి తావు లేదు. తేదీలు, లెక్కలు అన్నీ కాగితాల మీద ఉన్నాయి. ఆధారం పుష్కలంగా ఉన్న చోట ఎక్కువ వాదించాల్సిన పనీ లేదు.

వీరేశలింగం పంతులు ఇల్లు, 1890లో ఆయన కట్టించిన టౌన్‌హాలు ఊళ్ళో తప్పక చూడవలసినవి. 1881 డిసెంబరు 11న ఆయన చేయించిన తొలి వితంతు వివాహం జరిగింది ఈ ఊళ్ళోనే. 28 ఏళ్ళు నిండకముందే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మలు ఆయన పేరిటి గ్యాలరీలో ఉన్నాయి. తాటాకు గ్రంథాలు చూడాలంటే గౌతమీ గ్రంథాలయం ఉంది.

వీటన్నిటిలో నా మనసుకు దగ్గరైనది రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం. 1922 నాటికి రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం జరిగి 900 ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా ఈ ఊరి చరిత్రకారులు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పేరుతో ఏకమై, రాజరాజ నరేంద్ర పట్టాభిషేక సంచిక వెలువరించారు. రాళ్ళబండి సుబ్బారావు, న్యాయవాదిగా ఉంటూనే తూర్పు చాళుక్యుల చరిత్రను గ్రంథంగా రాసిన భావరాజు వేంకట కృష్ణారావు లాంటివాళ్ళు ఆ పనిలో ఉన్నారు. గమనించండి, వాళ్ళు పండగ చేసుకున్న తేదీ కథలోంచి వచ్చింది కాదు. రాగిరేకు మీది శక సంవత్సరం 944 లోంచి వచ్చింది. పునాది కనపడని రాజధానికి వాళ్ళు ఒక తేదీతో పునాది వేశారు.

తేలినదేమిటి?

పరిశీలన మొత్తం మీద మూడు మాటలు జాగ్రత్తగా చెప్పవచ్చు. ఒకటి, రాజమహేంద్రపురం పదకొండో శతాబ్దంలో రాజధాని అన్నది సమకాలిక సాక్ష్యంతో నిలిచే మాట. స్థాపకుడెవరన్నది ఇంకా వాదంలోనే ఉంది. రెండు, ఆ రాజధాని తాలూకు కట్టడాలను ఊళ్ళో కన్నా డెల్టాలోనే చూడగలం. బిక్కవోలు, సామర్లకోట, ద్రాక్షారామం, నందంపూడి కలిపితేనే రాజమహేంద్రవరం పూర్తవుతుంది. మూడు, ఊరి కథల్లో అతి పెద్దదైన సారంగధర కథ చాళుక్య చరిత్రకు సాక్ష్యం కాదు. తెలుగు కథాసంప్రదాయానికి అది విలువైన సాక్ష్యం.

2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి. రేవుల్లో మునగడానికి వచ్చే జనంలో చాలామంది ఒక పూట ఊరు చూడాలనుకుంటారు. వాళ్ళ కోసం ప్రతి చోటా ఒక బోర్డు పెడితే అందులో రెండు వరుసలు చాలు. ఇక్కడ ఏం జరిగిందంటారో మొదటి వరుసలో, ఆ మాటకు ఆధారం ఏమిటో రెండో వరుసలో. కోటగుమ్మం దగ్గర కోరుమిల్లి రేకుల అచ్చు నకలు, మసీదు దగ్గర శాసనానికి తెలుగు అర్థం, ద్రాక్షారామంలో పది శాసనాలకు ఈనాటి తెలుగు పాఠం ఉంటే బడిపిల్లలు కూడా తమంతట తాము చదువుకుంటారు. ఇందులో పెద్ద ఖర్చు లేదు. అక్షరం పట్ల కాస్త శ్రద్ధ కావాలి.

వీలైతే ఆ యాత్రికులను నందంపూడికి కూడా పంపాలి. అక్కడ చూడడానికి కొబ్బరితోటలు, కాలవలు, మామూలు కోనసీమ ఊరు తప్ప రాజసం ఏదీ ఉండదు. కానీ 1053లో ఒక రాజు ఇచ్చిన ఊరు అది. నన్నయ ఆ మాటను రాగి మీదికి ఎక్కించాడు. ఇచ్చిన రాజు లేడు, రాసిన కవి లేడు, పుచ్చుకున్న పండితుడు లేడు. ఊరు మాత్రం దాదాపు అదే పేరుతో, రెండేరుల నడుమ అదే నేల మీద ఉంది. కోటగుమ్మంలో దొరకని రాజధాని ఆ పొలిమేరలో నిలబడితే దొరుకుతుంది.